ముప్పై ఒకటో రోజు

2024 మార్చి 31, ఆదివారం. గుంటూరు మిర్చి యార్డుకి సెలవు. అయినా ఒక కమిషన్ దుకాణం షట్టరు సగం ఎత్తి ఉంది. ఆర్థిక సంవత్సరానికి అదే ఆఖరి రోజు కాబట్టి లెక్కలు ముగిద్దామని గుమాస్తాగారు పొద్దున్నే వచ్చి కూర్చున్నారు. పదిన్నర దాటాక నాకు ఫోన్ చేశారు.

"మాస్టారూ, నిన్న రాత్రి దాకా బాగానే పనిచేసిందండీ. ఇవాళ తెరిస్తే చిన్న పెట్టె ఒకటి వచ్చి ట్రయల్ గడువు అయిపోయింది అంటోంది. నెల్లాళ్ళ పద్దులు అందులోనే ఉన్నాయి. అంతా పోయినట్టేనా?"

మార్చి నెలంటే మిర్చికి మంచి సీజను. వచ్చిన టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఎన్ని, తూకమెంత, ధరెంత, హమాలీ ఎంత, రైతుకి ఇవ్వాల్సిందెంత అన్నీ ఆ ప్రోగ్రాంలోనే ఎక్కించారాయన. చిట్టా, ఆవర్జా పుస్తకాలు పక్కన పెట్టేసి నెలయింది. ఎవరో చిన్న కంపెనీవాళ్ళు ముప్పై రోజులు ఉచితంగా వాడుకోమని ఇచ్చి వెళ్ళిన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అది. ఈలోగా కొనాలా వద్దా అని యజమాని తేల్చుకోలేదు. గడువు సంగతి అందరూ మరిచిపోయారు.

"ఒక్క అంకె కూడా పోలేదండీ" అన్నాను. కంప్యూటర్‌ని చూడకుండానే అంత ధీమాగా ఎలా చెప్పగలిగానో వివరించడానికే ఈ అధ్యాయం.

మందుసీసా మీద గడువు తేదీ వేస్తారు. కాలం గడిచేకొద్దీ మందులోని రసాయనాలు మారతాయి, గుణం తగ్గుతుంది. పాలు విరగడానికి, పచ్చడి బూజు పట్టడానికి భౌతికమైన కారణాలున్నాయి. సాఫ్ట్‌వేర్‌కి అలాంటి ముసలితనం లేదు. ముప్పయ్యో రోజు రాత్రి డిస్కు మీద ఏ బైట్లు ఉన్నాయో ముప్పై ఒకటో రోజు పొద్దున కూడా అవే ఉంటాయి. మారింది బయటి ప్రపంచంలో ఒక సంఖ్య. ప్రోగ్రాం తెరిచినప్పుడు అది రెండు సంఖ్యలు తీసుకుని ఏది పెద్దదో చూస్తుంది. జరిగేదంతా ఇంతే.

ఆ సంఖ్యల్ని కాస్త దగ్గరగా చూద్దాం. చాలా కంప్యూటర్లు కాలాన్ని క్యాలెండరు రూపంలో దాచుకోవు. యూనిక్స్ సంప్రదాయంలో 1970 జనవరి 1 అర్ధరాత్రి, గ్రీనిచ్ కాలమానం ప్రకారం, లెక్క సున్నా దగ్గర మొదలవుతుంది. అక్కణ్ణుంచి సెకనుకి ఒకటి చొప్పున పెరుగుతుంది. విండోస్ అయితే 1601 జనవరి 1 నుంచి, సెకనులో కోటో వంతు కొలమానంతో లెక్కపెడుతుంది. ఏ లెక్కయినా సూత్రం ఒకటే. సులువుగా ఉంటుంది కనుక యూనిక్స్ లెక్కనే పట్టుకుందాం. దుకాణంలో ఆ ప్రోగ్రాం ఎక్కించింది మార్చి 1 ఉదయం పదిన్నరకి అనుకుంటే అప్పటి సంఖ్య 1,70,92,69,200. రోజుకి 86,400 సెకన్లు. ముప్పై రోజులకి 25,92,000. కూడితే 1,71,18,61,200. మార్చి 31 ఉదయం సరిగ్గా పదిన్నరకి కాలం ఆ సంఖ్యని చేరింది. "ఇప్పటి సంఖ్య దీనికంటే తక్కువా?" అన్న ప్రశ్నకి అప్పటిదాకా అవునని వచ్చిన జవాబు, ఆ క్షణం నుంచి కాదని వచ్చింది. ప్రోగ్రాం రాసినవారు ఆ రెండో జవాబుకి ఏ దారి వేసి పెట్టారో అది ఆ దారిన పోయింది.

మరి ఇప్పుడు ఎంత సమయమైందో కంప్యూటర్‌కి ఎలా తెలుస్తుంది? రాత్రి కరెంటు తీసేసి వెళ్ళిపోయినా తెల్లారేసరికి సరైన టైమే చూపిస్తుంది కదా. పాత డెస్క్‌టాప్ పెట్టె ఏదైనా విప్పి చూడండి. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళలాంటి బ్యాటరీ ఒకటి మెరుస్తూ కనిపిస్తుంది. 20 మిల్లీమీటర్ల వ్యాసం, 3.2 మిల్లీమీటర్ల మందం, 3 వోల్టులు. దాని పేరు సీఆర్2032. ఆ పేరులోనే దాని కొలతలున్నాయి. మెషీన్ ఆపేసి ఉన్నా ఈ బిళ్ళ ఒక చిన్న గడియారానికి ప్రాణం పోస్తూ ఉంటుంది. ఆ గడియారంలో గుండెకాయ క్వార్ట్‌జ్ స్ఫటికం. దానికి విద్యుత్తు అందిస్తే సెకనుకి 32,768 సార్లు కంపించేలా దాన్ని కోసి తయారుచేస్తారు. ఈ సంఖ్యే ఎందుకంటే, 2ని పదిహేను సార్లు హెచ్చవేస్తే వచ్చేది 32,768. ఆ కంపనాల లెక్కని పదిహేను సార్లు సగం చేసుకుంటూ పోతే సెకనుకి ఒక్క దెబ్బ మిగులుతుంది. సగం చేయడం డిజిటల్ సర్క్యూట్‌కి అన్నిటికంటే తేలికైన పని. చేతి గడియారంలోనూ ఇదే స్ఫటికం, ఇదే సంఖ్య.

1981లో వచ్చిన మొదటి ఐబీఎం పీసీలో ఇలా బ్యాటరీ మీద నడిచే గడియారం లేదు. మెషీన్ తెరిచిన ప్రతిసారీ ఇవాళ తేదీ ఎంత, టైమెంత అని మనిషినే అడిగేది. 1984లో వచ్చిన పీసీ ఏటీలో ఆ గడియారం చేరింది. ముప్పై రోజుల ట్రయల్ లాంటివి మామూలు వ్యాపారుల దాకా రావాలంటే ముందు ఈ గడియారం రావాల్సి వచ్చింది. తేదీ చెప్పడం మనిషి ఇష్టం మీద ఉన్నంతకాలం గడువుకి అర్థం లేదు.

ఇప్పుడు కూడా తేదీ కొంతవరకు మనిషి ఇష్టమే. సెట్టింగుల్లోకి వెళ్ళి వెనక్కి తిప్పొచ్చు. గుమాస్తాగారికి పక్క దుకాణం కుర్రాడు అదే సలహా ఇచ్చాడు. నేను వెళ్ళేసరికి తేదీని మార్చి 1కి తిప్పేసి కూర్చున్నారు. దాంతో రెండు చిక్కులొచ్చాయి. మొదటిది, ప్రోగ్రాం మళ్ళీ తెరుచుకోలేదు. సిస్టమ్ తేదీ మార్చినట్టుందని ఈసారి ఇంకో పెట్టె చూపించింది. కారణం తేలిక. మూసేసిన ప్రతిసారీ అప్పటి సంఖ్యని అది ఒక మూల రాసి పెట్టుకుంటుంది. మళ్ళీ తెరిచినప్పుడు కాలం ముందుకి కాక వెనక్కి పోయినట్టు కనబడితే ఎవరో ముల్లు తిప్పారని గ్రహిస్తుంది. రెండోది ఆయనకి మరీ వింతగా తోచింది. రోజూ చూసుకునే మెయిల్ కూడా తెరుచుకోవడం మానేసింది, "ఈ కనెక్షన్ సురక్షితం కాదు" అంటోంది.

ఇది అర్థం చేసుకోదగ్గ విషయం. మనం ఇంటర్నెట్‌లో ఏ బ్యాంకుకో మెయిల్‌కో వెళ్ళినప్పుడు ఆ సర్వరు ఒక ధ్రువపత్రం చూపిస్తుంది. అది ఫలానా రోజు నుంచి ఫలానా రోజు వరకు చెల్లుతుందని దాని మీద రాసి ఉంటుంది. కొన్ని పత్రాల ఆయుష్షు మూడు నెలలే. మార్చి మధ్యలో ఇచ్చిన పత్రాన్ని మార్చి 1 అనుకుంటున్న కంప్యూటర్ చూస్తే ఏమంటుంది? ఇది ఇంకా పుట్టనే లేదు, దొంగ పత్రం అంటుంది. కాలం అబద్ధమైతే ఒక్క ప్రోగ్రాంతో ఆగదు. ఫైళ్ళ మీద తేదీలు తప్పుతాయి, బిల్లుల మీద తేదీలు తప్పుతాయి, ఆ బిల్లుల్ని నమ్మిన పన్ను లెక్కలు తప్పుతాయి. ముందు తేదీ సరిచేయించాను. మెయిల్ వెంటనే తెరుచుకుంది.

గడువు తేదీ రాసి ఉన్న ఫైలునే దిద్దేస్తే పోదా అని మీకు అనుమానం రావచ్చు. దిద్దొచ్చు. కానీ బాగా కట్టిన లైసెన్సు ఫైలు కింద ఒక డిజిటల్ సంతకం ఉంటుంది. 1977లో రివెస్ట్, షమీర్, ఎడిల్‌మన్ అనే ముగ్గురు కనిపెట్టిన ఆర్‌ఎస్‌ఏ పద్ధతి ఇందుకు బాగా పేరుపడింది. దాని బలమంతా హెచ్చవేతకీ కారణాంకాలకీ మధ్య ఉన్న తేడాలో ఉంది. 89ని 97తో హెచ్చవేయమంటే కాగితం మీద అర నిమిషంలో 8,633 అని చెప్తారు. 8,633 ఏ రెండు ప్రధాన సంఖ్యల లబ్ధం అని అడిగితే చాలాసేపు కూర్చోవాలి. 250 అంకెలున్న అలాంటి ఒక సంఖ్యని 2020లో విడగొట్టారు. ఎన్నో కంప్యూటర్లు నెలల తరబడి పనిచేస్తే గాని అది సాధ్యం కాలేదు. ఈనాడు మామూలుగా వాడేవి 617 అంకెల సంఖ్యలు. సంతకం పెట్టే రహస్య తాళంచెవి కంపెనీ దగ్గరే ఉంటుంది. సంతకం సరైందో కాదో చూసుకునే తాళంచెవి మాత్రమే మన ప్రోగ్రాంలో ఉంటుంది. గడువు తేదీలో ఒక్క అంకె మార్చినా ఆ సంతకం పొసగదు.

తేదీ దిద్దడం కుదరనప్పుడు ప్రోగ్రాంనే కోసేవాళ్ళున్నారు. ఏది పెద్దదని అడిగే ఆ ప్రశ్న ప్రాసెసర్‌కి అర్థమయ్యే భాషలో రెండు మూడు ఆదేశాలే. వాటిని మార్చి ఎప్పుడూ అవుననే జవాబే వచ్చేలా చేసినవి క్రాక్ పేరుతో చేతులు మారుతుంటాయి. మన కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ ప్రకారం, తెలిసి తెలిసి దొంగ కాపీని వాడితే కనీసం ఏడు రోజులు, గరిష్ఠంగా మూడేళ్ళు జైలు. జరిమానా 50 వేల నుంచి 2 లక్షల దాకా. శిక్ష మాట అటుంచినా, ఒకడు కోసిన ప్రోగ్రాంలో వాడు ఇంకేం కుట్టాడో మనకి తెలియదు. రైతుల బాకీలూ బ్యాంకు ఖాతాలూ ఉన్న కంప్యూటర్‌లో దాన్ని పెట్టొద్దని నేను అడిగిన ప్రతివారికీ చెప్తాను.

ఇక, కాదన్న జవాబు వచ్చాక ఏమవుతుంది? ఇక్కడే కంపెనీలు వేరువేరు దారుల్లో నడుస్తాయి.

ట్యాలీ సంగతి తెలుగునాట చాలామందికి అనుభవమే. 1986లో బెంగళూరులో శ్యామ్ సుందర్ గోయెంకా, ఆయన కొడుకు భరత్ గోయెంకా మొదలుపెట్టిన కంపెనీ అది. లైసెన్సు లేకపోతే వాళ్ళ లెక్కల సాఫ్ట్‌వేర్ ఎడ్యుకేషన్ మోడ్‌లో తెరుచుకుంటుంది. నెలలో 1, 2, 31 తేదీల్లోనే పద్దు వేయనిస్తుంది. అమీర్‌పేటలో గాని, మన ఊరి కంప్యూటర్ సెంటర్లో గాని ట్యాలీ నేర్చుకున్నవాళ్ళ ప్రాక్టీసు పుస్తకాలు చూడండి, కొనుగోళ్ళూ అమ్మకాలూ జీతాలూ అన్నీ ఏప్రిల్ 1నో 2నో జరిగిపోతాయి. నేర్చుకునేవాడికి ఏ లోటూ లేదు. నిజమైన వ్యాపారం మాత్రం నెలకి మూడు రోజులతో నడవదు. ఎవరికి ఇవ్వాలి, ఎవరిని ఆపాలి అన్నది బాగా ఆలోచించి గీసిన గీత అది. మైక్రోసాఫ్ట్ ఆఫీసు ఇంకోలా చేస్తుంది. సబ్‌స్క్రిప్షన్ అయిపోయాక ఫైలు తెరిచి చదువుకోవచ్చు, ప్రింటు తీసుకోవచ్చు, కొత్తగా రాయడం కుదరదు.

సర్వర్ల దగ్గర మర్యాద కాస్త తగ్గుతుంది. విండోస్ సర్వర్ మూల్యాంకన కాపీకి 180 రోజుల గడువు. అది దాటాక మెషీన్ గంటకోసారి తనంతట తానే ఆగిపోతుంది. లాగ్ చూడనివాళ్ళు కరెంటునో హార్డ్‌వేర్‌నో అనుమానిస్తూ రోజులు గడిపేస్తారు. ఎస్‌క్యూఎల్ సర్వర్ ట్రయల్‌కీ 180 రోజులే. అది అయిపోతే డేటాబేస్ సర్వీసు అసలు లేవదు. డేటా ఫైళ్ళు మాత్రం డిస్కు మీద చెక్కుచెదరకుండా ఉంటాయి. లైసెన్సున్న ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి తగిలిస్తే అన్నీ కనిపిస్తాయి. ఒకే కంప్యూటర్ మీద పది కంప్యూటర్ల పని నడిపే వీఎంవేర్‌ది మరో తీరు. దాని ట్రయల్ గడువు అయిపోయినప్పుడు లోపల నడుస్తున్న వర్చువల్ మెషీన్లు నడుస్తూనే ఉంటాయి. ఒకసారి ఆపితే మళ్ళీ లేవవు.

ఈ వీఎంవేర్ విషయంలోనే, గడువు కట్టడం ఎంత ప్రమాదకరమైన పనో ప్రపంచమంతా చూసిన రోజొకటుంది. 2008 ఆగస్టు 12. ఆ కంపెనీ కొద్ది వారాల ముందే ఈఎస్ఎక్స్ 3.5 అనే తన సాఫ్ట్‌వేర్‌కి రెండో అప్‌డేట్ విడుదల చేసింది. విడుదలకి ముందు పరీక్ష కోసం ఇచ్చే కాపీలు ఎవరి దగ్గరా ఎల్లకాలం మిగిలిపోకూడదని వాటిలో గడువు తేదీ పెడతారు. అసలు విడుదలలో దాన్ని తీసేయాలి. తీయలేదు. ఆగస్టు 12 తేదీ రాగానే, పూర్తి డబ్బు కట్టి కొనుక్కున్నవాళ్ళ సర్వర్లు కూడా తమ గడువు తీరిందని నమ్మాయి. అప్పటికే నడుస్తున్న వర్చువల్ మెషీన్లకి ఏమీ కాలేదు. ఏ కారణం చేతనైనా ఆపి మళ్ళీ లేపబోతే మాత్రం లేవలేదు. నడుస్తున్నదాన్ని ఒక సర్వరు నుంచి మరో సర్వరుకి జరపడమూ కుదరలేదు. నెలవారీ అప్‌డేట్ల కోసం మెషీన్లు ఆపిన సంస్థలు ఎటూ కాకుండా ఇరుక్కున్నాయి. దిద్దుబాటు వచ్చేలోపు పెద్దపెద్ద డేటా సెంటర్లలో ఇంజినీర్లు చేసిన పని ఏమిటో తెలుసా? సర్వర్ గడియారాన్ని ఆగస్టు 12కి ముందటి తేదీకి వెనక్కి తిప్పడం. గుంటూరు దుకాణంలో గుమాస్తాగారు చేసిందీ అదే. అంతకు ముందు నెలలోనే కంపెనీ పగ్గాలు పట్టిన పాల్ మారిట్జ్ బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. ఆ కోడ్‌ని తీయకపోవడం ఒక తప్పు, పరీక్షల్లో పట్టుకోకపోవడం రెండో తప్పు అని ఒప్పుకున్నాడు.

నేను క్లాసులో ఈ కథ చెప్పినప్పుడల్లా పిల్లలు ఒక ప్రశ్న అడుగుతారు. కొన్నవాళ్ళెవరో కొననివాళ్ళెవరో సాఫ్ట్‌వేర్‌కి తెలియదా అని. తెలియదు. ఆ కోడ్‌కి తెలిసింది రెండు సంఖ్యలు, వాటిలో ఏది పెద్దదన్న సంగతి.

దుకాణానికి వద్దాం. పద్దులు పోలేదు సరే, కనబడవేం? డిస్కు మీద ఉన్న ఫైలుని వేరే పనిముట్టుతో తెరిచి గుమాస్తాగారికి చూపించాను. బారులు తీరిన అంకెలు. ఒకచోట 88, దాని పక్కన 2. ఇది 600 కావచ్చు. పెద్ద సంఖ్యల్ని 256 చొప్పున కట్టలు కట్టి, విడిగా మిగిలినవి ముందూ కట్టలు వెనకా రాసుకోవడం చాలా కంప్యూటర్ల అలవాటు. రెండు కట్టలంటే 512, దానికి 88 కలిపితే 600. అయితే 600 ఏమిటి? టిక్కీలా, కిలోలా, రూపాయలా? లేక అసలు 88, 2 అన్నవి రెండు వేరువేరు అంకెలా? అది చెప్పగలిగింది ఆ ప్రోగ్రాం ఒక్కటే. తెలుగు అక్షరాలదీ అంతే. యూనికోడ్‌లో ఎక్కువగా వాడే పద్ధతి ప్రకారం "మిర్చి" అని రాస్తే 18 బైట్లు పడతాయి. ఆ పద్ధతి తెలిసిన ప్రోగ్రాం వాటిని రెండక్షరాల మాటగా చూపిస్తుంది. తెలియనిది పిచ్చి గీతలు చూపిస్తుంది. తాళం పడింది పద్దుల మీద కాదు, వాటికి అర్థం చెప్పేదాని మీద. ఈ రెంటికీ తేడా చాలామంది కొనేవాళ్ళకి తెలియదు. తెలియజెప్పే అమ్మేవాళ్ళూ తక్కువే.

తేడా తెలియాల్సిన అవసరం చాలా ఉంది. జీఎస్టీ చట్టం కింద లెక్కల్ని వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు భద్రపరచాలి. కంపెనీలైతే 2013 కంపెనీల చట్టం ప్రకారం ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు. అంటే లెక్క చూపించాల్సిన బాధ్యత ఏళ్ళ తరబడి మన మెడ మీద ఉంటుంది. ఆ లెక్క చదివే ప్రోగ్రాం మనదైంది ముప్పై రోజులే.

డేటా మన డిస్కు మీద కాక కంపెనీ సర్వర్ల మీద ఉంటే ఇంకా జాగ్రత్త అవసరం. అక్కడ గడువు తీరడం ఒక్క క్షణంలో ముగిసే పని కాదు, మెట్లుమెట్లుగా జరుగుతుంది. మైక్రోసాఫ్ట్ 365 వ్యాపార పథకాల్లో చాలావాటికి గడువు తీరాక మొదటి 30 రోజులు అన్నీ మామూలుగానే నడుస్తాయి. తర్వాతి 90 రోజులు ఉద్యోగులకి తలుపు మూస్తారు, నిర్వాహకుడు మాత్రం లోపలికి వెళ్ళి డేటా బయటికి తెచ్చుకోవచ్చు. ఆ తర్వాత తుడిచేస్తారు. ఇందాక ఒక్క అంకె కూడా పోలేదని గుమాస్తాగారికి ధైర్యం చెప్పానే, ఇక్కడ ఆ మాట అనలేను. సొంత డిస్కు మీద ఉన్నది ఎవరూ చెరపకపోతే ఉంటుంది. పరాయి డిస్కు మీద ఉన్నది, వాళ్ళు ఉంచినన్నాళ్ళే ఉంటుంది.

ఆదివారం ఆ దుకాణంలో చేయగలిగింది కొంచెమే. ఆ ప్రోగ్రాం ఫోల్డరు మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి ఒక కాపీ తీశాం. తీసేసి మళ్ళీ ఎక్కిస్తే పనిచేస్తుందేమో అని ఆయన అడిగితే వద్దన్నాను. తీసేసేటప్పుడు పద్దుల ఫైలు కూడా పోయే ప్రమాదముంది. గడువు తీరినందువల్ల పద్దులు పోవు గాని, ఆ కంగారులో మనం చేసే పనుల వల్ల పోగలవు. మిగిలిన పద్దులు ఆయన పాత చిట్టా తీసి చేత్తో రాసుకున్నారు. సోమవారం యజమాని డబ్బు కట్టారు. కంపెనీవాళ్ళు పంపిన తాళపు సంఖ్య ఎక్కించగానే మార్చి నెలంతా ఆఖరి టిక్కీ దాకా తెర మీదికి వచ్చింది.

ఇలాంటి సాఫ్ట్‌వేర్ తెచ్చుకునేవారు మొదటి రోజే ఒక పని చేయాలి. ఐదారు పద్దులు వేసి, వాటిని ఎక్సెల్ ఫైలుగా బయటికి తీసి, ఆ ప్రోగ్రాం లేని మరో కంప్యూటర్‌లో తెరిచి చూడండి. తెరుచుకోకపోతే ముప్పయ్యో రోజు దాకా ఆగకుండా అమ్మేవాణ్ణి అడగండి.

ప్రోగ్రాంలు రాసేవారికీ ఒక విన్నపం. హైదరాబాదులోనూ బెంగళూరులోనూ అమెరికాలోనూ సాఫ్ట్‌వేర్ కట్టేవాళ్ళలో తెలుగువాళ్ళు ఎందరో ఉన్నారు. ఆ రెండు సంఖ్యల పోలిక రాసేది, కాదన్న జవాబుకి దారి వేసేది మీ చేతులే. డబ్బు కట్టనివాళ్ళని కొత్త పద్దు రాయనివ్వకండి, అది మీ హక్కు. రాసుకున్న పద్దుని మాత్రం గడువు తీరాక కూడా చూసుకోనివ్వండి, బయటికి తీసుకోనివ్వండి. అది వాళ్ళది.